విశాఖ ఉక్కపోతకు క్యాంపర్ వ్యాన్‌లో ఏసీ: ఏది ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

వ్యాన్‌ని ఇల్లులా మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగే ప్రశ్న “ఎన్ని టన్నుల ఏసీ వేయించాలి?” అని. మన ఊళ్లో దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రాత్రి బండి ఎక్కడ ఆపుతారు? అక్కడ ప్లగ్ పాయింట్ దొరుకుతుందా, దొరకదా? ఏసీ రకం, బ్యాటరీ సైజు, మొత్తం ఖర్చు అన్నీ ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

మే నెలలో భీమిలి బీచ్ రోడ్డు పక్కన రాత్రి పదకొండు దాటినా గాలి చల్లబడదు. ఉష్ణోగ్రత 28 దగ్గరే ఉంటుంది, ఒళ్లంతా జిగటగా ఉంటుంది, చెమట ఆరదు. అదే డిసెంబరులో అరకులో పడుకుంటే ఏసీ గుర్తుకే రాదు, రెండో దుప్పటి కోసం వెతుక్కుంటారు. ఈ రెండు చోట్ల మధ్య దూరం నాలుగు గంటల ప్రయాణమే. కాబట్టి మీ బండికి ఏం కావాలో వేరే ఊరివాళ్లు చెప్పలేరు.

మొదటి పని: మీ రాత్రుల లెక్క

ఒక కాగితం మీద ఏడాదిలో బండిలో ఎక్కడెక్కడ పడుకుంటారో, ఏ నెలలోనో రాసుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అరకు, అనంతగిరి, లంబసింగి వైపు వెళ్లేవే ఎక్కువైతే ఏసీ జోలికి పోకండి. మంచి ఇన్సులేషన్, పైకప్పులో ఒక 12 వోల్టుల వెంట్ ఫ్యాన్ ఉంటే హాయిగా గడిచిపోతుంది. ఫుల్ స్పీడులో కూడా ఆ ఫ్యాన్ సాధారణంగా మూడు నాలుగు ఆంపియర్లకు మించి తీసుకోదు.

వేసవి సెలవుల్లో పిల్లలతో సముద్రం పక్కన ఆపుతాం, లేదా హైవే 16 పట్టుకుని రాజమండ్రి, విజయవాడ వైపు పోతాం అంటే మాత్రం ఏసీ తప్పదు. అందులోనూ రిసార్టులోనో, బంధువుల ఇంటి ముందో ఆపి కరెంటు తీసుకోగలిగితే పని సగం తేలిక. కరెంటు లేని చోటే రాత్రంతా ఏసీ నడవాలంటే ఖర్చంతా బ్యాటరీకే పోతుంది. అప్పుడు ఏసీ ధర చిన్న విషయం అయిపోతుంది.

కూలర్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. అనంతపురం వైపు 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం కూలర్ గాలిని 23 డిగ్రీల దాకా దించే అవకాశం ఉంటుంది. విశాఖలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న పూట అదే కూలర్ ఎంత మంచిదైనా 29 కంటే కిందికి దించలేదు. పైగా ఉన్న తేమకు ఇంకాస్త తోడవుతుంది. ఆన్‌లైన్‌లో “మినీ ఏసీ” పేరుతో నీళ్లు పోసుకునే డబ్బాలు అమ్ముతుంటారు. అవీ కూలర్లే, వాటికి డబ్బు పెట్టకండి.

రెండో పని: వేడిని బయటే ఆపడం

ఇన్సులేషన్ లేని వ్యాన్‌కి పెద్ద ఏసీ బిగించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఏసీ కొనే డబ్బులో కొంత ముందు ఇక్కడ పెట్టండి.

పైకప్పుకి తెల్ల రంగు వేయించండి. ముదురు రంగు బండికీ తెల్ల బండికీ మధ్యాహ్నం లోపల తేడా స్పష్టంగా తెలుస్తుంది. లోపలి వైపు రేకుకు నైట్రైల్ రబ్బర్ ఫోమ్ షీట్ అతికించండి. ఏసీ పైపుల మీద నల్లగా చుడతారే, అదే సరుకు, షీట్ రూపంలో దొరుకుతుంది. పైకప్పుకి 19 నుంచి 25 మిల్లీమీటర్ల మందం, పక్క గోడలకు అంతకంటే తక్కువైనా ఫరవాలేదు. బడ్జెట్ తక్కువైతే ఫాయిల్ అంటించిన ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఫోమ్) షీట్ వాడుకోవచ్చు. గ్లాస్ వూల్ మాత్రం వద్దు. అది తేమను పట్టి ఉంచుకుంటుంది. మన ఉప్పు గాలికి దాని వెనక రేకు తుప్పు పట్టేది మీ కంటికి కనపడదు కూడా.

చాలామంది మేస్త్రీలు వదిలేసేది పైకప్పు అడ్డ పట్టీలను. పట్టీల మధ్య ఖాళీల్లో ఫోమ్ నింపి, ప్లైవుడ్‌ని నేరుగా పట్టీకే స్క్రూ చేసేస్తారు. బయటి వేడి ఆ ఇనప పట్టీ గుండా లోపలికి దిగిపోతుంది. పరీక్ష సులువు. మధ్యాహ్నం రెండింటప్పుడు బండిని ఎండలో ఉంచి, లోపల సీలింగ్ మీద అరచేయి పెట్టి నెమ్మదిగా ఒక చివర నుంచి రెండో చివరకు జరపండి. పట్టీ ఉన్న చోట చెయ్యి చురుక్కుమంటే దాని మీద ఫోమ్ వేయలేదన్నమాట. ప్లై విప్పించి పట్టీ మీద కూడా సన్నటి ఫోమ్ పొర వేయించండి. ఈ పరీక్ష అయ్యాకే పనివాళ్లకు మిగిలిన డబ్బు ఇవ్వండి.

విదేశాల వీడియోలు చూసి పని చేయించేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. చలి దేశాల్లో లోపలి మనుషుల ఊపిరిలోని తేమ బయటికి వెళ్తూ చల్లటి రేకు మీద నీరవుతుంది. మనకు వ్యవహారం తిరగబడుతుంది. తేమంతా బయట ఉంది, చల్లదనం లోపల ఉంది. సందుల్లోంచి దూరిన బయటి గాలి, చల్లబడిన లోపలి ప్లై వెనక నీరవుతుంది. అందుకని ఫోమ్ షీట్ల అతుకుల మీద ఫాయిల్ టేపు వేసి గాలి దూరకుండా చూడండి. ఏసీని 20లో కాకుండా 25, 26లో పెట్టుకోండి. లోపల ఎంత చల్లగా ఉంచితే ప్లై వెనక అంత నీరు పడుతుంది.

ముందు అద్దం నుంచి వచ్చే ఎండ కూడా తక్కువేం కాదు. వెండి రంగు సన్‌షేడ్‌ని అద్దానికి బయటి వైపు వేస్తే లోపల వేసినదానికంటే బాగా పని చేస్తుంది. డ్రైవర్ సీటు వెనక మందపాటి కర్టెన్ ఒకటి నేల దాకా వేలాడదీయండి. రాత్రి ఏసీ చల్లబరచాల్సిన గాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చేది ఈ పని మొత్తంలో ఇంకొకటి లేదు.

మూడో పని: ఏసీ రకం ఎంచుకోవడం

బండితో వచ్చిన ఇంజన్ ఏసీ ప్రయాణంలో ఎంత బాగున్నా, నిద్రకు పనికిరాదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. లోపల జనరేటర్ పెట్టుకోవడమూ అంతే. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర కారవాన్‌లో నిద్రపోయిన ఇద్దరు మనుషులు తెల్లారేసరికి లేరు. జనరేటర్ నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని తేలింది. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే లోపే అయిపోతుంది. మీరు ఏ ఏసీ పెట్టుకున్నా సరే, మంచం ఎత్తులో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. పక్కన ఆగిన లారీ పొగ మీ బండిలోకి వచ్చినా అది అరుస్తుంది.

ఎప్పుడూ ప్లగ్ పాయింట్ ఉన్న చోటే ఆపుతాం అనుకునేవాళ్లకు ముప్పావు టన్ను విండో ఏసీ చవకైన దారి. కానీ అందులో ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసర్ ఉంటే ఆన్ అయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ మీద నడపాలంటే చాలా పెద్దది కావాలి. బ్యాటరీ మీద నడపాలనే ఆలోచన ఉంటే దీన్ని పక్కన పెట్టేయండి. ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ ఇంకా నష్టం. అది లోపలి చల్లటి గాలినే వాడుకుని వేడిని బయటికి నెడుతుంది. ఆ ఖాళీ నింపడానికి తలుపు సందుల్లోంచి మన ఉక్క గాలే లోపలికి వస్తుంది.

ఇంటికి వాడే ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ నిజంగా ఆలోచించదగ్గది. ఒక టన్ను యూనిట్ ఫుల్‌లో 1000 వాట్ల దగ్గర తీసుకున్నా, గది చల్లబడ్డాక 300 వాట్లకు దిగిపోతుంది. విడి భాగాలు గాజువాకలో అయినా, శ్రీకాకుళంలో అయినా దొరుకుతాయి, బాగుచేసే మెకానిక్ కూడా దొరుకుతాడు. చిక్కల్లా అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టాలన్నదే. బండి కింద పెడితే బురద, ఉప్పు నీరు. వెనక తలుపుకి బిగిస్తే బరువుకు కీళ్లు జారతాయి. వెనక బంపర్‌కీ ఛాసిస్‌కీ కలిపి చేయించిన స్టాండ్ మీద, కింద రబ్బర్ బుష్‌లు వేసి పెట్టించడం నాకు నచ్చే పద్ధతి. ఇక లోపలి, బయటి యూనిట్లను కలిపే రాగి పైపులు గోడలో కదలకుండా ఉండేందుకు తయారైనవి. బండి అదురుకు ఫ్లేర్ నట్ (పైపు చివర బిగించే నట్టు) దగ్గర వదులవుతాయి. అందుకే రాగి పైపుని నేరుగా లాగకుండా ఒక చుట్టు తిప్పి బిగించమనండి. గ్యాస్ లీకవుతోందా అని తెలుసుకోవడానికి ఆ నట్ చుట్టూ చూడండి. నూనె మరక కనిపిస్తే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ బయటికి వస్తోందేమోనని అనుమానించి, సబ్బు నురగ రాసి ఖాయం చేసుకోండి. ఇంకొకటి, పైపులు కలిపాక వ్యాక్యూమ్ పంపుతో గాలిని పూర్తిగా లాగించండి. కాస్త గ్యాస్ వదిలి గాలిని తరిమేస్తే సరిపోతుందని కొందరు తొందరపెడతారు, ఒప్పుకోకండి. మన గాలిలోని తేమ పైపులో మిగిలిపోతే కంప్రెసర్‌ని తినేస్తుంది.

ఇక పైకప్పు మీద పెట్టే యూనిట్లు. 230 వోల్టులతో నడిచేవి ప్లగ్ ఉన్న చోట బాగుంటాయి. కరెంటు లేని చోట ఎక్కువ రాత్రులు గడిపేవాళ్లకు నేను చెప్పేది నేరుగా బ్యాటరీతో నడిచే డీసీ ఏసీ. లారీ క్యాబిన్లకు పార్కింగ్ ఏసీ అని అమ్మేది ఇదే. 12, 24, 48 వోల్టుల్లో వస్తుంది. మధ్యలో ఇన్వర్టర్ ఉండదు కాబట్టి అక్కడ పోయే పది పదిహేను శాతం మిగులుతుంది. కంప్రెసర్ నెమ్మదిగా మొదలై వేగం పెంచుకుంటుంది, ఒక్కసారిగా కరెంటు లాగదు.

నాలుగో పని: లేబుల్‌ని నమ్మే ముందు లెక్క వేయడం

డీసీ ఏసీలు కొనేటప్పుడు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే కొలమానం), వాట్లలో 3,517. పెట్టె మీద “12,000 బీటీయూ, 12 వోల్టులు, 60 ఆంపియర్లు” అని ఉందనుకోండి. 12ని 60తో గుణిస్తే 720 వాట్లు. ఈ తరహా చిన్న యూనిట్ ఒక వాటు కరెంటుకు రెండున్నర వాట్ల చల్లదనం ఇస్తే మంచిదే అనుకోవాలి. అంటే 1,800 వాట్లు, సుమారు అర టన్ను. పెట్టె చెప్పేది దానికి రెట్టింపు.

అర టన్ను అంటే తక్కువని కాదు. ఇన్సులేషన్ సరిగ్గా ఉండి, కర్టెన్ వేసి, ముగ్గురు పడుకుంటే రాత్రికి అది చాలు. పడుకున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి వంద వాట్లు కూడా దాటదు. మధ్యాహ్నం ఎండలో ఆగిన బండిని అది చల్లబరచలేదు, అంతే. ఆ పని ప్రయాణంలో ఇంజన్ ఏసీ చేసిపెడుతుంది. కాబట్టి అమ్మేవాణ్ని బీటీయూ అడగకండి. ఫుల్‌లో ఎన్ని ఆంపియర్లు, ఎకోలో ఎన్ని ఆంపియర్లు అని అడగండి. చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

ఐదో పని: బ్యాటరీ, సోలార్

రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా ఏడు గంటలు. లోపల చల్లబడ్డాక ఏసీ సగటున 350 వాట్లు తీసుకుంటుందనుకుంటే 2,450 వాట్ అవర్లు. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు కలిపి ఇంకో ఆరు వందలు. మొత్తం మూడు యూనిట్ల పైచిలుకు. 12.8 వోల్టుల, 300 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 3,840 వాట్ అవర్లు ఉంటాయి. ఎనభై శాతం వాడుకుంటే సరిగ్గా ఒక రాత్రి వెళ్తుంది. రెండో రాత్రి కూడా వెళ్లాలంటే మధ్యలో నింపాల్సిందే.

ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెడితే చాలదా అని అడిగేవాళ్లుంటారు. చాలదు. వాటిని సగం దాకానే వాడుకోవాలి. బరువు ఒక్కోటి యాభై కిలోలు దాటుతుంది. పైగా చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి. అలాంటిదాన్ని మంచం కింద పెట్టుకుని మూసిన బండిలో పడుకోకూడదు.

లిథియంకి ఇంకో నియమం ఉంది. బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే కొన్ని బీఎంఎస్‌లు (బ్యాటరీని కాపాడే సర్క్యూట్లు) చార్జింగ్ ఆపేస్తాయి. రోహిణి కార్తె ఎండలో మూసి ఉంచిన బండి లోపల ఆ వేడి మామూలే. అందుకని బ్యాటరీని ఎండ తగిలే పక్క గోడకు ఆనించకండి. నేల మీద, సీటు కింద, గాలి ఆడేలా పెట్టండి.

సోలార్ మీద ఆశలు కాస్త తగ్గించుకోండి. పైన 800 వాట్ల ప్యానెళ్లు పట్టించగలిగితే ఎండాకాలంలో రోజుకు మూడు యూనిట్ల దాకా వస్తుంది. కానీ ఏసీ యూనిట్, వెంట్ ఫ్యాన్ కూడా అక్కడే కూర్చుంటాయి కాబట్టి చాలా బండ్లకు సగమే పడుతుంది. పైగా ప్యానెల్‌కి ఎండ తగలాలంటే బండిని ఎండలో ఆపాలి, బండి చల్లగా ఉండాలంటే నీడలో ఆపాలి. వానాకాలంలో రాబడి ఇంకా పడిపోతుంది. అందుకే బండి నడుస్తుండగా నింపే 40 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ నా లెక్కలో సోలార్ కన్నా ముందు. మూడు గంటల ప్రయాణంలో ఒకటిన్నర యూనిట్ చేరుతుంది. ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి నేరుగా తీగ కలపకండి. ఖాళీ లిథియం ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. ఇల్లు చేరాక 16 ఆంపియర్ల ప్లగ్‌తో నింపుకునే చార్జర్ కూడా ఉంచుకోండి.

ఆరో పని: తీగలు

12 వోల్టుల దగ్గర ఆంపియర్లు ఎక్కువ కాబట్టి తీగ మందం మీద పిసినారితనం పనికిరాదు. 60 ఆంపియర్లు, వెళ్లి రావడానికి కలిపి ఆరు మీటర్ల రాగి తీగ అనుకోండి. 10 స్క్వేర్ మిల్లీమీటర్ల తీగ వాడితే 0.63 వోల్టులు దారిలోనే పోతాయి. ఆ పోయిందంతా తీగలో వేడి. ఏసీ తక్కువ వోల్టేజీ అని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, మీరేమో ఏసీ పాడైందనుకుంటారు. అదే 25 స్క్వేర్ తీగతో నష్టం పావు వోల్టు. బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలో ఫ్యూజ్ ఉండాలి. ఇంటి కరెంటుకు వాడే ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తెంపే స్విచ్‌లు) బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటుకు పనికిరావు, డీసీ అని రాసి ఉన్నవే తీసుకోండి.

కొత్తగా అంతా మొదలుపెడుతుంటే 48 వోల్టుల వ్యవస్థ ఆలోచించండి. అదే 720 వాట్లకు 15 ఆంపియర్లు చాలు, సన్నటి తీగ సరిపోతుంది. లైట్లకు, ఫ్యాన్‌కు 12 వోల్టులు ఇవ్వడానికి ఒక చిన్న కన్వర్టర్ పెట్టుకుంటే సరి.

ఏడో పని: పైకప్పు కోయడం, ఉప్పు గాలి, కారే నీళ్లు

రేకు మీద కోత పెట్టే ముందు ఆర్టీవో కార్యాలయంలో మాట్లాడండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఏ మార్పుకు అనుమతి దొరుకుతుందో అక్కడే తేల్చుకోండి. అనుమతి లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది. ఏసీ పెట్టాక పెరిగే ఎత్తును కూడా కొలిచి డ్రైవర్ కంటికి ఎదురుగా రాసి అంటించండి.

ఆటోనగర్‌లో బాడీ పని చేసే షెడ్లు చాలా ఉన్నాయి. ఎవరికి ఇచ్చినా కోత పెట్టేటప్పుడు దగ్గర ఉండండి. గ్రైండర్‌తో కోస్తే ఎగిరే ఇనప రజను పైకప్పంతా పడి, రెండు రోజుల్లో ఎర్ర చుక్కలుగా తుప్పు లేస్తుంది. చుట్టూ గుడ్డ కప్పించండి, పని కాగానే రజను ఊడ్పించండి. కోసిన అంచుకి జింక్ ప్రైమర్, దాని మీద పెయింట్, అది ఆరాకే సీలెంట్. బిగించేందుకు ఫోమ్ గ్యాస్కెట్ ఇస్తారు, దాంతో పాటు బయటి అంచుకు పీయూ (పాలీయురథేన్) సీలెంట్ పట్టించండి. మామూలు సిలికాన్ పెయింట్ మీద కొన్నాళ్లకే లేచిపోతుంది. సముద్రం పక్కన ఎక్కువ ఆపేవాళ్లు స్టీల్ బోల్టుల్లో 316 రకం అడిగి తెచ్చుకోండి, 304 కంటే ఉప్పుకు బాగా ఆగుతుంది. ఏసీ కొనేటప్పుడు కండెన్సర్ రెక్కలకు నీలం కోటింగ్ ఉందో లేదో చూడండి. రుషికొండ, యారాడ వైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల పైపుతో, ప్రెషర్ లేకుండా ఆ రెక్కలు కడిగేయండి.

మన తేమకు ఏసీ నుంచి గంటకు అర లీటరు దాకా నీరు కారవచ్చు. డ్రైన్ పైపు వాలు ఏ వైపో చూసుకుని బండిని ఆ వైపు కాస్త వంచి ఆపండి. ఎదురు వాలులో ఆపితే నీళ్లు మంచం మీదే పడతాయి.

ఎనిమిదో పని: ఇంటి ముందే ఒక రాత్రి

దూర ప్రయాణానికి ముందు మీ వీధిలోనే, మే నెల ఉక్కలో, ప్లగ్ పెట్టకుండా ఒక రాత్రి బండిలో పడుకోండి. 26లో పెట్టి, పక్కన ఒక చిన్న డీసీ ఫ్యాన్ తిప్పండి. ఫ్యాన్ గాలికి 26 కూడా చల్లగానే అనిపిస్తుంది. అర్ధరాత్రి దాటాక ఏసీలో డ్రై మోడ్ ఉంటే అది వేసి చూడండి. విశాఖలో అసలు బాధ వేడి కన్నా తేమదే కాబట్టి చాలా రాత్రులు ఆ మోడ్‌తోనే నిద్ర పడుతుంది, కరెంటూ తక్కువ. బ్యాటరీ మానిటర్‌లో పడుకునే ముందు ఎంత శాతం ఉందో, మెలకువ వచ్చినప్పుడు ఎంత ఉందో రాసుకోండి. తీగలు, ఫ్యూజ్ హోల్డర్ ఒకసారి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ జాయింట్ వదులుగా ఉంది.

ఐదింటికి బ్యాటరీ ఇరవై శాతం పైన ఉంటే బయల్దేరవచ్చు. అంతకంటే దిగిపోతే వెంటనే ఇంకో బ్యాటరీ కొనేయకండి. ముందు కర్టెన్ నేలకు ఆనుతోందా, తలుపు రబ్బర్లు గాలి వదులుతున్నాయా, అడ్డ పట్టీల మీద ఫోమ్ ఉందా అన్నవి చూసి, సరిచేసి, ఇంకో రాత్రి పడుకుని చూడండి. అప్పటికీ చాలకపోతే కొనాల్సింది బ్యాటరీయే.